చెప్పిన మాట ఎవరి సొత్తు?

హైస్కూలు పిల్ల తన మనసులో బాధను బడిలో ఒక పెద్దమనిషికి చెప్పుకున్నాక, ఆ మాట మీద హక్కు ఎవరిది? చెప్పిన పిల్లదా, కన్నవాళ్లదా, ఆ పెద్దమనిషికి జీతమిచ్చే బడిదా? పాఠశాల కౌన్సెలర్ పనిలోని చిక్కులన్నీ తిరిగి తిరిగి ఈ ప్రశ్న దగ్గరికే వస్తాయి. కౌన్సెలర్ ఏం చదివి ఉండాలి, ఎన్ని గంటలు కూర్చోవాలి, ఏ గది ఇవ్వాలి అన్నవి ప్రభుత్వ ఉత్తర్వులతో తేలిపోతాయి. ఇది ఉత్తర్వులతో తేలేది కాదు. ధర్మం తెలిసినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు.

ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లల వయసు రమారమి 13 నుంచి 16. ఒంట్లో మార్పులు, తోటివాళ్ల ఎగతాళి, ఇంట్లో తాగుడు, తీరని అప్పులు, మొదటి ప్రేమ, పదో తరగతి పరీక్ష, అన్నీ ఒక్కసారే మీద పడే ఈడు. కౌన్సెలర్ చేతిలో మార్కులుండవు, బెత్తం ఉండదు, మందులచీటీ కూడా ఉండదు. పిల్ల చెప్పేది చివరిదాకా వినడం, ఆ బాధ ఎంత లోతుదో తూచడం, తనకు మించినదని తోస్తే జిల్లా ఆసుపత్రికో వరంగల్ ఎంజీఎంలోని మానసిక వైద్యులకో పంపడం, ఇంతే అతని పని. వినడానికి చిన్న పనిలాగే ఉంటుంది. చేసినవాళ్లకే దాని బరువు తెలుస్తుంది.

జయశంకర్ భూపాలపల్లి జిల్లా గణపురం మండలంలోని చెల్పూర్ లాంటి ఊళ్లో ఆ బరువు ఇంకో రకంగా ఉంటుంది. ఇక్కడ కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 500 మెగావాట్ల మొదటి దశ, 600 మెగావాట్ల రెండో దశ కలిపి దాని సామర్థ్యం 1,100 మెగావాట్లు. పక్కనే భూపాలపల్లి, సింగరేణి గనులు. ప్లాంటు ఉద్యోగుల పిల్లలు, కాంట్రాక్టు కార్మికుల పిల్లలు, షిఫ్టుకు పోయే గని కార్మికుల పిల్లలు, పత్తి, వరి పండించే రైతుల పిల్లలు చదువుకునే తావు ఇది. పట్నంలో కౌన్సెలర్ అంటే ముక్కూమొహం తెలియని మనిషి. ఇలాంటి ఊళ్లో పిల్ల బాధ వినే టీచరు ఆ పిల్ల తండ్రికి రోజూ ఛాయ్ హోటల్ దగ్గర ఎదురయ్యే మనిషి. మేడమ్ అయితే తల్లికి బస్సులోనో బతుకమ్మ ఆడే కాడనో కలుస్తుంది. “మీ బిడ్డ ఎందుకో దిగులుగుంటున్నది” అని మేలు కోరి అన్న ఒక్క ముక్క చాలు, సాయంత్రానికి ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. అదే ఊరు పిల్లకు కాపలా కూడా. రెండు రోజులు బడికి రాకపోతే అడిగేవాళ్లుంటారు, వేళగాని వేళ చెరువు గట్టు మీద ఒంటరిగా కనిపిస్తే పిలిచి కూర్చోబెట్టేవాళ్లుంటారు. ఊరు కాపాడుతుంది కూడా, కాల్చుతుంది కూడా. కౌన్సెలర్ ఈ రెంటి మధ్యనే పని చేయాలి.

ఈ పనిని ప్రభుత్వం గుర్తించడం ఈమధ్యే మొదలైంది. 2020 ఫిబ్రవరిలో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకు, వీలైతే ఒక సారుకూ ఒక మేడమ్‌కూ, శిక్షణ ఇవ్వాలంది. 2022 అక్టోబర్ 10న మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ మొదలైంది. 14416కు ఎవరైనా, ఏ వేళలోనైనా, తెలుగులోనే మాట్లాడవచ్చు. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణం మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలరో, మనస్తత్వవేత్తో, సామాజిక కార్యకర్తో కనీసం ఒకరుండాలని, అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలని చెప్పింది. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం మానాలని కూడా అందులో ఉంది. ఆచరణకు వస్తే, మన ప్రభుత్వ హైస్కూళ్లలో సాధారణంగా కౌన్సెలర్ అనే పోస్టే లేదు. ఆ బాధ్యత ఎవరో ఒక టీచర్ మెడకు చుట్టుకుంటుంది. నిన్న హోంవర్కు చేయలేదని నిలబెట్టిన సారే ఇవాళ మనసు విప్పమంటాడు. పిల్ల విప్పదు. అందులో పిల్ల తప్పేమీ లేదు.

బడి, తండ్రి, పిల్ల ముగ్గురూ మూడు వైపులా లాగే ఈ సంకటాన్ని తెలుగువాళ్లకు అందరికన్నా బాగా చూపించినవాడు ఈ ప్రాంతం వాడే. జనగామ జిల్లా పాలకుర్తి దగ్గరి బమ్మెర ఊరి పోతన 15వ శతాబ్దంలో తెలుగు చేసిన భాగవతం ఏడో స్కంధంలో ప్రహ్లాదుని కథ ఉంది. దాన్ని భక్తి కథగా చదవడమే అలవాటు. బడి కథగా చదివితే అందులో ఇంకో సంగతి బయటపడుతుంది. శుక్రాచార్యుని కొడుకులు చండామార్కులు ఆ బడి అయ్యవార్లు. వాళ్లు చెడ్డవాళ్లేమీ కారు. చెప్పవలసిన చదువు శ్రద్ధగానే చెబుతారు. వాళ్ల చిక్కల్లా రాజుగారి భయం. పిల్లవాడి మనసులో తండ్రికి గిట్టని మాట ఉందని తెలిశాక, వాళ్లు అతణ్ని బుజ్జగించి ఒకటే ఆరా తీస్తారు: ఈ బుద్ధి నీకై నీకు పుట్టిందా, ఎవరైనా నూరిపోశారా? పైకి అది పిల్లవాడి గురించి అడిగినట్టే ఉంటుంది. అసలు ఉద్దేశం తండ్రి ముందు తమ తల కాచుకోవడం. రాజు గద్దించగానే, మేం నేర్పలేదు మహాప్రభో, ఇతరులూ నేర్పలేదు, పుట్టుకతో వచ్చిన బుద్ధి అని చేతులు దులుపుకుంటారు. తోటి పిల్లలు కూడా ప్రహ్లాదుని దారి పట్టాక, భయంతో పరుగెత్తి ఆ కబురు కూడా రాజుకే చేరవేస్తారు. ఆ తర్వాత పిల్లవాడి మీదికి వచ్చిన ఆపద అందరికీ తెలిసిందే.

హిరణ్యకశిపుడు కూడా మొదట కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకొని, ఏం నేర్చుకున్నావు నాయనా అని ముద్దుగానే అడుగుతాడు. అడిగిన తీరులో లోపం లేదు. తను ఎదురుచూడని జవాబు వచ్చేసరికి తట్టుకోలేకపోయాడు. అనుకూలమైన జవాబు వచ్చినంతసేపే ముద్దు నిలుస్తుందని పదిహేనేళ్ల పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కనుక మొదటిసారి కౌన్సెలర్ ముందు కూర్చున్న పిల్ల తన అసలు బాధ చెప్పదు. తలనొప్పి అంటుంది, లెక్కలు రావడం లేదంటుంది. ఆ చిన్న మాటకు ఎదుటి మొహం ఎలా మారుతుందో చూసి, పెద్ద మాట చెప్పాలా వద్దా అని అప్పుడు నిశ్చయించుకుంటుంది. చండామార్కుల బడిలో ప్రహ్లాదుడు మనసు విప్పింది తోటి పిల్లల దగ్గర, అదీ అయ్యవార్లు ఇంటిపనుల మీద వెళ్లిన వేళ. ఇవాళ్టి పిల్లలూ అంతే. వాళ్ల రహస్యం మొదట తెలిసేది పక్క బెంచీ స్నేహితురాలికి. ఆ స్నేహితురాలు భయపడి ఎవరి దగ్గరికి వస్తుందన్న దాన్ని బట్టే ఆ బడిలో కౌన్సెలర్ ఉన్నాడో లేడో తెలుస్తుంది.

దీనికి ఎదురుగా ఉపనిషత్తులో ఇంకో బడి ఉంది. ఛాందోగ్యంలో సత్యకామ జాబాలుడు గౌతముని దగ్గర చేరడానికి వచ్చినప్పుడు, నీ గోత్రమేమిటని గురువు అడుగుతాడు. నాకు తెలియదు, అమ్మను అడిగితే వయసులో చాలాచోట్ల పరిచర్య చేస్తూ తిరిగానని, తనకూ తెలియదని అన్నదని పిల్లవాడు ఉన్నదున్నట్టు చెబుతాడు. ఇంటి గుట్టు, అందులోనూ తల్లికి సంబంధించినది, మొదటి రోజే కొత్త మనిషి ముందు పెట్టాడు. గౌతముడు గుచ్చి అడగలేదు, జాలి పడలేదు, సమిధలు తెమ్మని చెప్పి బడిలో చేర్చుకున్నాడు. వినేవాడి మర్యాదకు ఇంతకు మించిన ఉదాహరణ దొరకడం కష్టం. అయితే ఆ కథలో ముల్లు కూడా ఉంది. బ్రాహ్మణుడు కానివాడు ఇలా నిజం చెప్పలేడని గౌతముడు తీర్పు ఇస్తాడు. అంటే పిల్లవాడు చెప్పిన నిజాన్ని వెంటనే ఒక కులం గడిలో వేసుకొని గానీ ఒప్పుకోలేకపోయాడు. అడ్మిషన్ రిజిస్టర్లో కులం గడి నింపి పిల్లలను చేర్చుకునే మన బళ్లకు ఈ ముల్లు కొత్తది కాదు. హాస్టలు పిల్ల, కూలోళ్ల పిల్ల, తాగుబోతు కొడుకు అని పేరు పెట్టుకొని వినడం మొదలుపెడితే, వినేది ఆ పేరునే.

కౌన్సెలింగ్ అనగానే భగవద్గీతను ఎత్తడం మన వక్తలకు పరిపాటి. పోలిక సగందాకా బాగానే నడుస్తుంది. మొదటి అధ్యాయంలో కృష్ణుడు దాదాపు నోరు విప్పడు; అర్జునుడు తన దుఃఖమంతా వెళ్లబోసుకునేదాకా ఆగుతాడు. ఆ తర్వాతే చిక్కు. సారథికి యుద్ధం జరగాలన్నది ముందే నిశ్చయం. పదకొండో అధ్యాయంలో ఆ సంగతి దాచుకోడు కూడా. ఫలితాల శాతం మీద కన్ను వేసిన యాజమాన్యం కౌన్సెలర్‌ను అచ్చం ఇలాగే వాడుకోవాలనుకుంటుంది. కూలబడ్డ పిల్లవాణ్ని లేపి మళ్లీ పరీక్షకు కూర్చోబెడితే పని అయిపోయినట్టే లెక్క. గీత నుంచి కౌన్సెలర్ తీసుకోదగ్గది చివర్లో ఉంది. చెప్పవలసిందంతా చెప్పాక, బాగా ఆలోచించుకొని నీకు తోచినట్టు చేయమని కృష్ణుడు నిర్ణయాన్ని అర్జునుడికే వదిలేస్తాడు. అమెరికాలో కార్ల్ రోజర్స్ 1942 నుంచి రాస్తూ వచ్చిన పద్ధతికి మూలసూత్రం కూడా దీనికి దగ్గరిదే. దారి చూపే శక్తి వచ్చిన మనిషిలోనే ఉంది, ఆ మనిషిని షరతులు లేకుండా ఆదరించడమే వినేవాడి పని అని ఆయన నమ్మాడు.

ఇక రహస్యం సంగతి. దీన్ని మతాలు తేలిగ్గా తీసుకోలేదు. కతోలిక క్రైస్తవంలో పాప సంకీర్తనం విన్న గురువు దాన్ని బయటపెట్టరాదు. 1215 నాటి నాలుగో లాటెరన్ మహాసభ అలా బయటపెట్టిన గురువును పదవి నుంచి తీసివేసి, జీవితాంతం మఠంలో ప్రాయశ్చిత్తానికి పంపమంది. ఇస్లాంలో ఇతరుల లోపాన్ని కప్పిపుచ్చడం పుణ్యం. నమ్మి చెప్పిన మాట అమానత్. దాచిపెట్టమని ఇచ్చిన సొమ్మును దాచినవాడు తన అక్కరకు వాడుకోకూడదు, అడిగినవాడికల్లా చూపించకూడదు. ఈ వ్యాసం మొదట్లో వేసిన ప్రశ్నకు మొదటి జవాబు ఇక్కడే దొరుకుతుంది. మాట పిల్లది, కౌన్సెలర్ దాచేవాడు మాత్రమే. హెచ్‌ఎం అడిగినా, పక్క టీచర్ కుతూహలపడినా, ఆ మాటను ఇచ్చేయడానికి అతనికి అధికారం లేదు. మన చట్టం మాత్రం ఈ అమానత్‌కు పెద్ద కాపలా పెట్టలేదు. సాక్ష్య చట్టంలో వకీలుకూ భార్యాభర్తలకూ ఉన్న రహస్య రక్షణ బడి కౌన్సెలర్‌కు లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యం చేసే నిపుణులను రహస్యానికి కట్టుబడమంటుంది. ఆరోగ్య బాధ్యత చూసే తెలుగు సారు దాని కిందికి రాడు. అతన్ని కట్టేది అతని మనస్సాక్షి ఒక్కటే.

అయితే పాప సంకీర్తనం నమూనా బడికి మొత్తంగా నప్పదు. అక్కడ మోకరిల్లినవాడు చెప్పేది తను చేసిన తప్పు. బడిలో పిల్ల చెప్పేది చాలాసార్లు ఇంకొకరు తనకు చేసిన తప్పు. బాబాయి వరసైనవాడు చేయి వేశాడని ఎనిమిదో తరగతి పిల్ల చెప్పి, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకుంటే, ఆ ఒట్టు కాపాడేది పిల్లను కాదు, వాణ్ని. అందుకే 2012 నాటి పోక్సో చట్టం అనుమానం కలిగిన ఎవరైనా పోలీసులకు తెలపాలని 19వ సెక్షన్లో విధించింది. తెలపకపోతే శిక్ష ఉంది. ఇంతవరకూ న్యాయమే. కానీ అదే సెక్షన్ ఇంకో పిల్ల మీద కూడా పడుతుంది. పదహారేళ్ల అమ్మాయి తోటి వయసు అబ్బాయితో ఇష్టపడి దగ్గరైన సంగతి భయంతో చెప్పుకుంటే, 18 ఏళ్ల లోపు ఇష్టానికి ఈ చట్టంలో విలువ లేదు. విన్నవాడు ఫిర్యాదు చేయాలి, అబ్బాయి మీద కేసు అవుతుంది, ఊరంతా తెలుస్తుంది. కొన్నిచోట్ల ఆ అమ్మాయి చదువు అక్కడితో ఆగి, 2006 చట్టం నిషేధించిన బాల్యవివాహం వైపు ఇల్లు తొందరపడుతుంది. మేలు చేయబోయిన చట్టం కీడుకు దారి తీసిన చోట ధర్మం ఏమిటి? దీనికి తేలికైన జవాబు లేదు. కౌన్సెలర్ చేతిలో ఉన్నది ఒకటే, పిల్ల నోరు తెరవకముందే హద్దులు చెప్పడం. విన్నాక హద్దు చెబితే అది మోసం.

ఆ హద్దులు పిల్లకు తెలిసే మాటల్లో చెప్పాలి. గది తలుపు దగ్గరికి వేసి ఉండాలి, గడియ పెట్టకూడదు. బయటివాళ్లకు మనుషులు కనిపించాలి, మాట వినిపించకూడదు. బల్లకు అటూ ఇటూ కాక, ఒక మూలకు పక్కపక్కగా కుర్చీలు వేస్తే పిల్ల కళ్లలోకి చూడకుండానే మాట్లాడవచ్చు. మొదటి మాట ఇలా ఉండవచ్చు: “నువ్వు చెప్పింది నా దగ్గర్నే ఉంటది బిడ్డా. కానీ నీ పాణానికి గండమున్నా, ఎవలన్న నిన్ను ఆగం జేస్తున్నా నేను ఊకోను. ఎవలకు చెప్పాల్నో ముందుగాల నీకే చెప్త.” దానికి “మా బాపుకు చెప్పకుండ్రి సార్” అని జవాబు వస్తే, అక్కడ ఒట్టు పెట్టకూడదు. బాపుకు తెలిస్తే ఏమైతదని భయమో అడగాలి. చాలాసార్లు అసలు బాధ ఆ జవాబులోనే ఉంటుంది.

ప్రాణం మీదికి వచ్చిన చోట మాత్రం చర్చకు తావు లేదు. చచ్చిపోవాలని ఉందని పిల్ల అంటే, అవునా అలా అనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది ఉత్త భయం. ఆ పిల్లను ఒంటరిగా వదలకూడదు, ఇంటివాళ్లకు పిల్ల ఎదుటే చెప్పాలి, వైద్యం దాకా తోడు వెళ్లాలి. కేసు అవుతుందని భయపడి దాచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 2017 చట్టం 115వ సెక్షన్ ఆత్మహత్యా ప్రయత్నాన్ని తీవ్ర ఒత్తిడి కిందే చూడమంది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో, ఆ ప్రయత్నాన్ని నేరమన్న పాత ఐపీసీ 309వ సెక్షన్ లాంటిది లేదు. ఈ ఒక్క సంగతి తల్లిదండ్రుల మీటింగులో చెబితే ఎన్ని ఇళ్లు ఆసుపత్రి గడప ధైర్యంగా తొక్కుతాయో!

కన్నవాళ్ల హక్కును తీసిపారేయడానికి వీల్లేదు. స్వేచ్ఛ గురించి 1859లో అంత గట్టిగా వాదించిన జాన్ స్టూవర్ట్ మిల్ కూడా తన సూత్రం ఎదగని పిల్లలకు వర్తించదని ముందే మినహాయించాడు. భారతదేశం 1992లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక ఇంకొంచెం నేర్పుగా మాట్లాడింది. పిల్లల అభిప్రాయానికి వాళ్ల వయసునూ పరిపక్వతనూ బట్టి విలువ ఇవ్వాలని దాని 12వ అధికరణం చెబుతుంది. అంటే హక్కు ఒక్కరోజులో తండ్రి చేతి నుంచి పిల్ల చేతికి మారదు, ఏడాదికింత జరుగుతుంది. పదమూడేళ్ల పిల్లవాడు సిగరెట్ తాగానంటే ఇంటికి చెప్పించే దారి వెతకవచ్చు. పదహారేళ్ల పిల్ల ఇంటర్లో ఎంపీసీ వద్దు, పాలిటెక్నిక్ చదువుతానంటే, ఆ మాట ఎప్పుడు, ఎలా ఇంట్లో చెప్పాలో నిర్ణయించుకోవలసింది ఆ పిల్లే. తల్లిదండ్రులకు చెప్పడం కౌన్సెలర్ పని కాదు. పిల్ల తనే చెప్పగలిగేలా చేయడం అతని పని.

విశ్వాసం విషయంలో కౌన్సెలర్ ఇంకా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఈ ప్రాంతంలో పిల్ల ముభావంగా మారితే ముందు దిష్టి తీస్తారు. తర్వాత పోచమ్మకు మొక్కుతారు, కొందరు దర్గాలో తాయత్తు కట్టిస్తారు, కొందరు పాస్టరుతో ప్రార్థన చేయిస్తారు. ఇవన్నీ మూఢత్వమని కొట్టిపారేస్తే ఆ తల్లి మళ్లీ బడి గడప తొక్కదు. మొక్కు తీర్చుకోండి, డాక్టరుకూ చూపించండి అంటే రెండూ చేస్తుంది. నీ కర్మ, నీ నుదుటి రాత అని పిల్లకు చెప్పడం మాత్రం క్షమించరానిది. కర్మ సిద్ధాంతం ఎవరైనా తన బాధను తాను అర్థం చేసుకోవడానికి పెట్టుకున్నది. ఎదుటివాడి బాధకు అది జవాబు కాదు. బిడ్డ శవంతో వచ్చిన కిసాగోతమికి బుద్ధుడు సిద్ధాంతం చెప్పలేదు. చావు ఎరుగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మని పంపి, ఆమె తనంత తానే తెలుసుకొని తిరిగివచ్చేదాకా ఆగాడు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం అంటుంది. ఏ మతం పిల్లయినా వచ్చి కూర్చునే కుర్చీకి ఆ నియమం ఇంకా బాగా వర్తిస్తుంది.

ఓదార్పు న్యాయానికి అడ్డు రాకూడదన్నది మరో సంగతి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. తెలుగులో 99 మార్కులు రావలసిన ఒక విద్యార్థినికి సున్నా పడింది. ఆ రోజు ఆ పిల్ల ముందు కూర్చొని, ఓటమి విజయానికి మెట్టు, గుండె దిటవు చేసుకో అన్న కౌన్సెలర్ ఎంత తీయగా మాట్లాడినా అబద్ధానికి సాయం చేసినట్టే. పిల్ల నేను బాగా రాశాను అంటే, ముందు ఆ మాట నమ్మాలి. రీవెరిఫికేషన్ దరఖాస్తు ఎలా పెట్టాలో చూపాలి. ఆఫీసు చుట్టూ తిరగడానికి తోడు కూడా వెళ్లాలి. పిల్ల ఏడుపుకు కారణం పిల్ల మనసులోనే ఉందనుకోవడం ఈ వృత్తికి అంటుకున్న జబ్బు. టాయిలెట్ లేని బడిలో ఆడపిల్లలు నెలలో నాలుగు రోజులు రాకపోతే దానికి కౌన్సెలింగ్ అక్కర్లేదు, టాయిలెట్ కావాలి. ఆ మాట హెచ్‌ఎం ముందు అనగల కౌన్సెలర్‌ను పిల్లలు గుర్తుపెట్టుకుంటారు.

మిగిలింది కాగితం. విన్నది ఎంతవరకు రాసిపెట్టుకోవాలి? తేదీ, తీసుకున్న చర్య, ఎవరికి పంపినది ఉంటే చాలు. పిల్ల వాడిన మాటలు, ఇంటి గుట్టు, మూడో మనిషి పేరు రిజిస్టర్‌కు ఎక్కనక్కర్లేదు. ప్రాణాపాయం, లైంగిక హింస వంటివాటిలో మాత్రం ఎప్పుడు ఎవరికి తెలిపారో విడిగా, తాళం కింద రాసి ఉంచాలి. ప్రభుత్వ టీచరుకు ఎప్పుడో ఒకప్పుడు బదిలీ తప్పదు. వెళ్లేముందు ఆ పిల్లలతో ఒక్కొక్కరితో మాట్లాడి, కొత్తగా వచ్చే మేడమ్‌కు ఏం చెప్పాలి, ఏం చెప్పవద్దు అని అడగాలి. చెప్పవద్దన్నది హద్దులు దాటనిదైతే, ఆ కాగితం ఆ పిల్ల చేతికే తిరిగి ఇవ్వాలి.